తెలిసిన జవాబు కాగితం మీదికి ఎందుకు రాదు?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. ఐదుగురు స్నేహితులు ఏడాదిగా ప్రతి వారం బార్‌లో జరిగే క్విజ్‌కు వెళ్తున్నారు. అందరూ బాగా చదివినవాళ్ళే. అయినా నాలుగో స్థానమో ఐదో స్థానమో దాటి పైకి రావడం లేదు. సరైన జవాబు మీలో ఎవరో ఒకరు గొణిగే ఉంటారు, కాగితం మీద మాత్రం వేరొకటి ఉంటుంది. గట్టిగా మాట్లాడే ఒక మిత్రుడి వల్లే ఇలా జరుగుతోందని మీ అనుమానం. అతణ్ణి మార్చాలా, లేక అందరూ రోజూ జనరల్ నాలెడ్జ్ పుస్తకాలు చదవాలా అని అడిగారు.

పదిహేనేళ్ళుగా నేను ఈ ఆట ఆడుతున్నాను. అందులో నాలుగేళ్ళు మైకు పట్టుకుని ప్రశ్నలు అడిగే పని కూడా చేశాను. మీ జట్టుకు ఇప్పుడున్న చదువు చాలు. మీ లోపం తలకూ పెన్నుకూ మధ్య దారిలో ఉంది. దాన్ని సరిచేసుకోవచ్చు, నెల రోజుల్లోనే తేడా కనిపిస్తుంది.

ఈ సంగతి నాకు ఒక్క రాత్రిలో బోధపడింది. అది సీజను ఆఖరి పోటీ. 14 జట్లు, 6 రౌండ్లు, రౌండుకు 10 ప్రశ్నలు. మేము నలుగురం: ఒక నర్సు, ఒక లెక్కల మాస్టారు, లారీల రవాణా కార్యాలయంలో పనిచేసే ఒక మిత్రుడు, నేను. ఒక్క పాయింటు తేడాతో రెండో స్థానంలో నిలిచాం. ఆ రాత్రి ఇంటికి వెళ్ళాక నిద్ర పట్టలేదు. జవాబు పత్రాలు నా దగ్గరే ఉన్నాయి. ఒక కాగితం మధ్యలో నిలువు గీత గీసి, పోయిన పాయింట్లను రెండు వరుసలుగా రాశాను. ఎవరికీ తెలియక పోయినవి ఒక వైపు, ఎవరో ఒకరికి తెలిసి కూడా పోయినవి రెండో వైపు. మొత్తం పోయినవి 13. మొదటి వరుసలో 4 తేలాయి, రెండో వరుసలో 9. ఆ తొమ్మిదిని చూస్తూ చాలాసేపు కూర్చున్నాను.

వాటిలో కొన్నిటిని వివరంగా చెబుతాను, ఎందుకంటే ఒక్కొక్కటి ఒక్కో దారిలో పోయింది. మీ బల్ల దగ్గర జరుగుతున్నవి కూడా ఇవే అయి ఉంటాయి.

రెండో రౌండులో వచ్చిన ప్రశ్న: అత్యధిక కాలమండలాలు (టైమ్ జోన్లు) ఉన్న దేశం ఏది? ప్రశ్న పూర్తి కాకముందే రవాణా మిత్రుడు "రష్యా" అన్నాడు. ప్రపంచ పటం కళ్ళముందు పెట్టుకున్న ఎవరైనా అదే అంటారు. నర్సు మాత్రం "ఫ్రాన్స్ అయి ఉండవచ్చేమో" అంది. ఆ "ఏమో" దగ్గరకు వచ్చేసరికి ఆమె గొంతు బాగా తగ్గింది. పెన్ను నా చేతిలో ఉంది. రష్యా అని రాసేశాను. రష్యాకు ఉన్నవి 11. సముద్రాల అవతల ఉన్న భూభాగాలన్నీ కలిపితే ఫ్రాన్స్‌కు 12. విరామంలో అడిగితే ఆమె పసిఫిక్‌లోని ఫ్రెంచ్ పాలినేసియా నుంచి హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దాకా చెప్పుకుంటూ వచ్చింది. అంకె తెలుసు, కారణమూ తెలుసు. మేము అడగలేదు కాబట్టి ఆమె చెప్పలేదు.

మౌనం అర్ధాంగీకారం అనే మాట క్విజ్ బల్ల దగ్గర ఎంత మాత్రం చెల్లదు. గొంతు తగ్గిందంటే నమ్మకం తగ్గిందని మనం అనుకుంటాం. చాలాసార్లు అది కేవలం ఆ మనిషి స్వభావం. 1985లో స్టాసర్, టైటస్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగం ఈ విషయాన్ని స్పష్టంగా చూపించింది. బృందంలో అందరికీ తెలిసిన సంగతులు కొన్ని, ఒక్కొక్కరికే తెలిసినవి కొన్ని ఉండేలా సమాచారాన్ని పంచి, ఒక అభ్యర్థిని ఎంచుకోమన్నారు. అందరి దగ్గరున్న ముక్కలూ కలిపితే ఒక అభ్యర్థి మేలని తెలుస్తుంది. కానీ బృందాలు అందరికీ ముందే తెలిసిన సంగతులనే తిరగేసి మాట్లాడుకుని, ఎక్కువగా మరొకరిని ఎంచుకున్నాయి. మా బల్ల దగ్గర జరిగింది సరిగ్గా అదే. రష్యా పెద్ద దేశమని నలుగురికీ తెలుసు, అందుకని దాని గురించే మాట్లాడాం. ఫ్రాన్స్ ముక్క ఒక్కరి దగ్గరే ఉంది, అందుకని అది బల్ల మీదికి రాలేదు. నలుగురితో నారాయణా అనడం బయట మంచి అలవాటేమో కానీ, ఈ ఆటలో నలుగురికీ తెలిసినది ఎదుటి జట్టుకు కూడా తెలిసే ఉంటుంది. మిమ్మల్ని పైకి తెచ్చేది ఒక్కరికే తెలిసిన ముక్క.

కాబట్టి మొదటి మార్పు ఇది. ప్రశ్న చదవగానే ఎవరూ నోరు విప్పకూడదు. అయిదారు క్షణాలు ఎవరికి వారు ఆలోచించి, తమ ముందున్న చిన్న కాగితం మీద ఒక్క మాట రాసుకోవాలి. తర్వాత కాగితాలన్నీ ఒకేసారి తిప్పి చూడాలి. అన్నీ ఒకటే అయితే రాసేయండి. వేరే జవాబు ఒక్కటి ఉన్నా సరే, ఆ మనిషినే ముందు మాట్లాడనివ్వాలి. ఆ మనిషిని అడగాల్సింది "ఖాయమేనా?" అని కాదు. ఖాయమేనా అంటే మెతక మనిషి వెంటనే వెనక్కి తగ్గుతాడు. "నీకు ఎలా తెలుసు?" అని అడగండి. "ఫలానా చోట పనిచేసినప్పుడు చూశాను", "ఈ మధ్యనే చదివాను", "ఎక్కడో విన్నట్టుంది": ఈ మూడు జవాబుల బరువు ఒకటి కాదని మీకే తెలుస్తుంది.

"ఎలా తెలుసు"తో పాటు "ఎప్పుడు తెలిసింది" అని కూడా అడగాలి. ఆ రాత్రే కజకిస్తాన్ రాజధాని ఏదని అడిగారు. మాస్టారు అల్మాటీ అన్నారు. రవాణా మిత్రుడు "అది పాతది, ఇప్పుడు నూర్‌సుల్తాన్" అని దిద్దాడు. నేను అస్తానా అనుకున్నాను కానీ, అతను అంత కచ్చితంగా దిద్దుతుంటే నాదే పాత సమాచారమనిపించి ఊరుకున్నాను. నిజానికి ముగ్గురం అనుకున్నదీ ఒక్కో కాలంలో నిజమే. 1997లో రాజధాని అల్మాటీ నుంచి తరలింది. ఆ కొత్త రాజధాని 1998 నుంచి అస్తానా. 2019లో నూర్‌సుల్తాన్ అని పేరు మార్చారు, 2022లో మళ్ళీ అస్తానా చేశారు. ఎవరి జ్ఞానం ఏ సంవత్సరం దగ్గర ఆగిందో అడిగి ఉంటే ఆ పాయింటు మాదే. రాజధానులు, రికార్డులు, పదవుల్లో ఉన్నవారు, ఎత్తులు, జనాభాలు వచ్చినప్పుడల్లా ఈ ప్రశ్న వేసుకోండి. ముఖ్యంగా పాత జవాబును దిద్దే మనిషి గొంతులో ఎప్పుడూ ధీమా ఎక్కువ ఉంటుంది. ఆ ధీమాకు లొంగకండి.

నాకు ఎక్కువగా బాధ కలిగించినది నాలుగో రౌండులోది. అంతరిక్షంలో నడిచిన తొలి మహిళ ఎవరు? రవాణా మిత్రుడు వాలెంటీనా తెరిష్కోవా అన్నాడు. ఆమె 1963లో అంతరిక్షంలోకి వెళ్ళిన తొలి మహిళ, నడిచిన మహిళ కాదు. ఇది మాస్టారు వెంటనే పట్టుకున్నారు. అసలు పేరు ఆయనకు తెలుసు. నోటిదాకా వచ్చింది, బయటికి రాలేదు. "రష్యా ఆమే, పేరు స తో మొదలవుతుంది" అన్నారు. ఆ "స" వినగానే నాకు శాలీ రైడ్ గుర్తొచ్చింది. గట్టిగా చెప్పాను. అందరూ హమ్మయ్య అనుకున్నారు. ఆమె 1983లో అంతరిక్షంలోకి వెళ్ళిన తొలి అమెరికన్ మహిళ. రష్యన్ అన్న ముక్కను అప్పటికే అందరం మరిచిపోయాం. జవాబు పత్రం ఇచ్చేసి, తర్వాతి రౌండు సగంలో ఉండగా మాస్టారు బల్ల మీద చెయ్యి కొట్టి "స్వెత్లానా సవీత్స్‌కయా" అన్నారు. 1984 జూలైలో ఆమె అంతరిక్ష నౌక బయట నడిచింది.

నాలుక చివర ఆగిపోయిన పేర్ల గురించి 1966లో బ్రౌన్, మెక్‌నీల్ అనే పరిశోధకులు రాసినది ఆ రాత్రి నుంచీ నాకు చాలా పనికొచ్చింది. అరుదైన మాటలకు అర్థాలు చెప్పి ఆ మాటలు అడిగితే, మాట రాకుండా అల్లాడుతున్నవాళ్ళు కూడా దాని మొదటి అక్షరాన్నో, దాన్ని ఎన్ని ముక్కలుగా (సిలబుల్స్‌గా) పలుకుతారన్నదో చాలాసార్లు సరిగ్గా చెప్పగలిగారట. అంటే మాస్టారు చెప్పిన "స" ఊరికే వచ్చినది కాదు. "రష్యా ఆమే" అన్నది కూడా సాక్ష్యమే. అలాంటి స్థితిలో మిగతావాళ్ళు ఆ ముక్కలను అంచులో రాసి పెట్టాలి: స, రష్యన్. తర్వాత ఎవరు ఏ పేరు చెప్పినా ఆ ముక్కలన్నిటికీ సరిపోతుందో లేదో చూడాలి. శాలీ రైడ్ ఒక్కదానికే సరిపోయింది. ఇంకో సంగతి, పేరు వెతుక్కుంటున్న మనిషి చెవిలో దగ్గరి పేర్లు గుమ్మరించకండి. తప్పు పేరు ఒకటి తలలో కూర్చుంటే సరైనది రావడానికి అదే అడ్డం పడుతుంది. ఆ ప్రశ్నను ఖాళీగా వదిలి, తర్వాతివి రాసి, పత్రం ఇచ్చేముందు ఆ మనిషిని మళ్ళీ ఒకసారి అడగండి.

ఖాళీ అంటే చివరిదాకా ఖాళీ అని కాదు. తప్పు జవాబుకు పాయింటు కోసే పద్ధతి లేని చోట ఏదో ఒకటి రాయాల్సిందే.

అంకెల ప్రశ్నల్లో జట్లు చేసే తప్పు వేరే రకం. సరి సమానంగా నిలిచిన జట్ల మధ్య గెలుపు తేల్చడానికి ఎక్కువగా ఇవే అడుగుతారు, ఎవరు దగ్గరగా చెబితే వారిది. ఇక్కడ మొదట నోరు విప్పిన మనిషి మిగతావాళ్ళందరి అంచనాలనూ తన వైపు లాగేస్తాడు. 1974లో ట్వర్‌స్కీ, కానమన్ రాసిన వ్యాసంలో దీనికి మంచి ఉదాహరణ ఉంది. ఒక చక్రం తిప్పి, వచ్చిన అంకె చూపించి, ఐక్యరాజ్యసమితిలో ఆఫ్రికా దేశాల శాతం ఎంతని అడిగారు. చక్రంలో 10 చూసినవారి మధ్యస్థ అంచనా, అంటే అంచనాలను వరుసగా పేర్చితే నడుమ వచ్చేది, 25 శాతం; 65 చూసినవారిది 45 శాతం. ఏ సంబంధమూ లేని చక్రమే అంత లాగితే, మీరు గౌరవించే స్నేహితుడు గట్టిగా చెప్పిన అంకె ఎంత లాగుతుందో ఊహించండి. అందుకే అంకెలు తప్పకుండా రహస్యంగా రాసుకోవాలి.

రాసుకున్నాక సగటు తీయకండి, మధ్యలో ఉన్న అంకె తీసుకోండి. బ్రిటిష్ శాస్త్రవేత్త గాల్టన్ 1907లో ప్రచురించిన, ఎద్దు బరువు ఊహించే పందెం కథ చాలామంది వినే ఉంటారు. 787 మంది అంచనాలను వరుసగా పేర్చితే నడుమ వచ్చినది 1,207 పౌండ్లు, అసలు బరువు 1,198. మా జట్టు ఒకసారి సూయజ్ కాలువ పొడవు మీద ఇలాగే బయటపడింది. నలుగురం 90, 160, 210, 400 కిలోమీటర్లని రాశాం. నడుమనున్న రెండిటికీ మధ్య 185 ఇచ్చాం. అసలు పొడవు సుమారు 193. సగటు తీసి ఉంటే 215 అయ్యేది, ఆ 400 ఒక్కటే మమ్మల్ని ముంచేది. ఒక మినహాయింపు ఉంది. ఎవరికైనా అంకె నిజంగా తెలిస్తే మధ్యస్థం గొడవ అక్కర్లేదు, "ఎలా తెలుసు" అన్న ప్రశ్నే చాలు.

"మొదట తోచిందే సరైనది, మార్చకూడదు" అని ప్రతి బల్ల దగ్గరా ఎవరో ఒకరు అంటారు. ఇది నిలిచే మాట కాదు. 2005లో క్రూగర్, ఆయన సహచరులు 1,561 మంది విద్యార్థుల పరీక్ష పత్రాల్లో చెరిపి దిద్దిన జవాబులను లెక్కపెట్టారు. తప్పు నుంచి ఒప్పుకు మారినవి 51 శాతం, ఒప్పు నుంచి తప్పుకు మారినవి 25 శాతం, మిగతావి తప్పు నుంచి ఇంకో తప్పుకు. మార్చి చెడగొట్టుకున్నది మనసులో గుచ్చుకుని ఉంటుంది, మార్చి బాగుపడ్డది మరిచిపోతాం. అందుకే ఆ నమ్మకం అంత బలంగా ఉంటుంది. మా జట్టులో పెట్టుకున్న నియమం: కొత్త కారణం వస్తే మార్చు, పాత భయమే మళ్ళీ వస్తే మార్చకు. ఆఖరి రౌండులో అలసటతో, తాగిన మత్తుతో వచ్చే అనుమానాలు చాలావరకు రెండో రకం. మా జట్టులో పెన్ను పట్టుకున్నవాళ్ళు ఆట అయ్యేదాకా మందు ముట్టరు.

ఇక ప్రశ్న అడిగే వైపు నుంచి ఒక మాట. ప్రశ్నలో ప్రతి పదమూ ఏదో పని కోసమే ఉంటుంది. నూరేళ్ళ యుద్ధం ఎన్నేళ్ళు సాగిందని అడిగానంటే జవాబు 100 కాదు. 1337 నుంచి 1453 దాకా 116 ఏళ్ళు. 100 అయితే నేను ఆ ప్రశ్నే రాయను. "అంతరిక్షంలో నడిచిన" అన్నానంటే "వెళ్ళిన" అనే తప్పు జవాబు వస్తుందని నాకు ముందే తెలుసు. పెన్ను పట్టుకున్నవారు జవాబు రాశాక ప్రశ్నను మళ్ళీ ఒకసారి మాట మాటగా తలచుకుంటే ఇలాంటివి దొరికిపోతాయి. అలాగని తొలి రౌండులోని ప్రతి తేలిక ప్రశ్నలోనూ ఉచ్చు వెతకకండి. మొదటి పది ప్రశ్నలు ఎక్కువగా అందరినీ ఆటలోకి లాగడానికి రాసినవే.

క్విజ్ మాస్టరు కూడా తప్పు చేస్తాడు. నేనూ చేశాను. తప్పుడు సంగతులు ఒక ప్రశ్నల కట్ట నుంచి ఇంకో కట్టలోకి ఎలా పాకుతాయో చూపే ఉదంతం ఒకటి ఉంది. ఫ్రెడ్ వర్త్ అనే రచయిత తన ట్రివియా విజ్ఞాన సర్వస్వంలో టీవీ డిటెక్టివ్ కొలంబో మొదటి పేరు ఫిలిప్ అని కావాలనే అబద్ధం చేర్చాడు, ఎవరు కాపీ కొడతారో పట్టుకోవడానికి. అదే పేరు ట్రివియల్ పర్స్యూట్ ఆటలో ప్రత్యక్షమైంది. 1984లో దావా వేశాడు. ఆట తయారీదారులు ఆ పుస్తకాన్ని వాడుకున్నామని ఒప్పుకున్నా, వాస్తవాల మీద ఎవరికీ కాపీరైటు ఉండదన్న కారణంతో వర్త్ ఓడిపోయాడు. కాబట్టి జవాబు తప్పని మీకు గట్టిగా తెలిస్తే నాయకుడు ఒక్కడే, రౌండు ఫలితాలు చదివిన వెంటనే, దగ్గరికి వెళ్ళి నెమ్మదిగా చెప్పాలి. కారణం ఒక్క వాక్యంలో చెప్పి వెనక్కి రావాలి. ఐదుగురూ కూర్చున్న చోటి నుంచే అరిస్తే ఏ క్విజ్ మాస్టరూ వినడు. ఆ రాత్రికి ఆయన నిర్ణయమే చివరిది. ఫోను తీయడం గురించి చెప్పేదేమీ లేదు, తీయకండి. ఒక్కసారి తీసిన జట్టు గెలుపును ఆ గదిలో ఎవరూ మళ్ళీ నమ్మరు.

జోకరు ఉండే చోట, అంటే ఒక రౌండుకు రెట్టింపు పాయింట్లు ఎంచుకునే చోట, మీకు ఇష్టమైన రౌండు మీద కాకుండా మీకు నిలకడగా వచ్చే రౌండు మీద వేయండి. ఇష్టం వేరు, నిలకడ వేరు. పది వారాల పాయింట్లు రాసి పెట్టుకుంటే తేలిపోతుంది. చివరి ప్రశ్నకు పందెం కాసే పద్ధతి ఉంటే ముందు లెక్క వేయండి. మీకు 50, రెండో జట్టుకు 44, గరిష్ఠ పందెం 10 అనుకుందాం. వాళ్ళు ఎంత వేసినా 54 దాటలేరు. మీరు 5 వేస్తే చాలు, జవాబు సరైనదైతే 55. పది వేసి తెచ్చుకునే అదనపు లాభం ఏమీ లేదు.

చదువు సంగతి. జనరల్ నాలెడ్జ్ పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవడం వల్ల పెద్దగా ఉపయోగం ఉండదు. రోడిగర్, కార్పికీ 2006లో చేసిన ప్రయోగంలో పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళు ఐదు నిమిషాల తర్వాత మేలనిపించారు. వారం తర్వాత మాత్రం, చదివాక పుస్తకం మూసి గుర్తు తెచ్చుకున్నవాళ్ళు వాళ్ళను దాటిపోయారు. మీకు కావలసింది వచ్చే వారానికి గుర్తుండటం. కాబట్టి ఒకరినొకరు అడుక్కోండి. నేను ఆ రాత్రి చేసినట్టే మీరూ కాగితం మీద గీత గీసి, మొదటి వరుస, అంటే ఎవరికీ తెలియక పోయినవి, నెల రోజులు పోగు చేయండి. వాటిలో ఏ రంగం మళ్ళీ మళ్ళీ వస్తుందో చూసి, ఆ రంగాన్ని ఒక్కరికి అప్పగించండి. ఐదుగురూ ఒకే పుస్తకం చదివితే ఐదుగురికీ ఒకే ముక్క తెలుస్తుంది, దానివల్ల లాభం తక్కువ.

ఇక మీ మిత్రుడి విషయం. అతణ్ణి తీసేయకండి. వేగంగా జవాబు తట్టే మనిషి జట్టుకు అవసరం. తొందరగా బజర్ నొక్కే రౌండు వచ్చినప్పుడు అతని విలువ మీకు తెలుస్తుంది. పెన్ను అతని చేతికి ఇవ్వండి, ఒక్క షరతుతో: పెన్ను పట్టుకున్న మనిషి తన జవాబు అందరి కంటే చివర చెప్పాలి, రాసేముందు ప్రతి ఒక్కరినీ పేరు పెట్టి అడగాలి. మా రవాణా మిత్రుడికి మేము ఇదే చేశాం. మొదటి రెండు వారాలు అతనికి చాలా కష్టమైంది, పెదవులు బిగబట్టి కూర్చునేవాడు. మూడో వారం నుంచి అందరి ముఖాలూ చూడటం మొదలుపెట్టాడు. ఎవరు సందేహిస్తున్నారో, ఎవరు చెప్పాలనుకుని ఆగిపోతున్నారో మా అందరికంటే ముందు అతనికే తెలిసేది.

తర్వాతి సీజను ఆఖరి పోటీలో, చుట్టూ ఒకే ఒక్క దేశం ఉన్న మూడు దేశాలు ఏవని అడిగారు. మూడూ రాస్తేనే పాయింటు. వాటికన్, శాన్ మరీనో వెంటనే వచ్చాయి, రెండూ ఇటలీలోనే. మాస్టారు మూడోది కూడా ఐరోపాలోనే ఉండాలని మొనాకో అన్నారు, నేనూ తల ఊపాను. పెన్ను పట్టుకున్న రవాణా మిత్రుడు రాయలేదు. నర్సు వైపు తిరిగి, పేరు పెట్టి పిలిచి, "నువ్వు ఇంకా చెప్పలేదు" అన్నాడు. ఆమె "మొనాకోకు ఒక వైపు సముద్రం ఉంది కదా" అంది. అతను ఏమీ అనకుండా పెన్నూ కాగితమూ ఆమె ముందుకు జరిపాడు. ఆమె, చుట్టూ దక్షిణాఫ్రికా ఒక్కటే ఉన్న దేశం పేరు, "లెసోతో" అని రాసింది.